రెండు వేల పౌండ్ల ఆర్‌ఎక్స్-8 చివరికి ఎంతకు పడుతుంది?

మాజ్దా ఆర్‌ఎక్స్-8ను బ్రిటన్‌లో 2003 నుంచి 2010 దాకా అమ్మారు. ఇప్పుడు పాత కార్ల ప్రకటనల్లో దాని ధర సుమారు రెండు వేల పౌండ్ల దగ్గర మొదలై, బాగా చూసుకున్న బండికి ఐదారు వేల దాకా వెళ్తుంది. నలుగురు కూర్చోవచ్చు. ఇంజిన్ వెనక చక్రాలను తిప్పుతుంది. బరువు ముందూ వెనకా దాదాపు సమానంగా పంచి ఉంటుంది. శక్తి ఎక్కువున్న రకంలో మీటరులో ఎర్రగీత, అంటే ఇంజిన్ వేగానికి పై హద్దు, 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర మొదలవుతుంది. ఈ గుణాలన్నీ ఉన్న మరో కారు ఆ ధరకు దొరకదు. ఇంత చవకగా ఎందుకు వదిలేస్తున్నారన్న ప్రశ్న మాత్రం కొనేవారు వేసుకోవాలి.

ఈ కారు ఖర్చంటే అందరూ పెట్రోలు గురించే మాట్లాడతారు. నన్నడిగితే పెట్రోలుది మూడో స్థానం. మొదటి స్థానం మీరు రోజూ చేసే ప్రయాణం పొడవుది. రెండోది ఇంజిన్ ఈ రోజు ఏ స్థితిలో ఉందన్నది. ఈ రెండూ కుదిరితే పెట్రోలు ఖర్చును భరించవచ్చు. కుదరకపోతే లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇచ్చినా ఈ కారు మిమ్మల్ని గట్టెక్కించదు.

డబ్బు ఎక్కడ కారుతుంది

రోటరీ ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు, క్యామ్‌షాఫ్ట్ ఉండవు. నడుము దగ్గర కాస్త నొక్కుకుపోయిన అండాకారపు గదిలో ముక్కోణపు రోటర్ తిరుగుతుంది. దాని మూడు కొనలకూ ఉన్న సన్నని లోహపు పట్టీలు గది గోడను ఒరుసుకుంటూ పోతాయి. వాటినే అపెక్స్ సీళ్లు అంటారు. మామూలు ఇంజిన్‌లో పిస్టన్ రింగులు చేసే పని ఇక్కడ ఇవి చేస్తాయి. ఇవి అరిగితే కంప్రెషన్, అంటే గదిలో గాలీ పెట్రోలూ నొక్కుకునే ఒత్తిడి, పడిపోతుంది, కంప్రెషన్ పడిపోతే ఇంజిన్ దింపాల్సిందే. 1967లో జర్మనీ కంపెనీ ఎన్‌ఎస్‌యూ విడుదల చేసిన ఆర్‌ఓ 80 కారులో ఈ సీళ్లు త్వరగా అరిగిపోయేవి. వారంటీ కింద ఇంజిన్లు మార్చి మార్చి కుంగిపోయిన ఆ కంపెనీ 1969లో ఫోక్స్‌వ్యాగన్ గూటికి చేరింది. అదే 1967లో కాస్మో స్పోర్ట్‌తో రోటరీ రంగంలోకి వచ్చిన మాజ్దాలో ఇంజినీరు కెనిచి యమమోటో బృందం సీళ్ల సమస్యను చాలావరకు దారికి తెచ్చింది. చాలావరకే. ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్‌కు 2003లో ఆ ఏటి అంతర్జాతీయ ఉత్తమ ఇంజిన్ పురస్కారం దక్కింది. పురస్కారం అందుకున్న ఇంజిన్‌లోనూ సీళ్లు అరిగేవే.

ఆ సీళ్లకు తడి అందాలని ఇంజిన్ తనంతట తానే కొద్దికొద్దిగా ఆయిల్‌ను గదిలోకి చల్లుకుంటుంది, అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. కాబట్టి ఆయిల్ తాగడం ఇక్కడ జబ్బు కాదు. వెయ్యి మైళ్లకు లీటరు అటూ ఇటూగా పోస్తూ ఉండాలి. ఏడాదికి ఐదు వేల మైళ్లు నడిపితే ఐదు లీటర్లు, యాభై పౌండ్ల లోపు. అసలు ఖర్చు మరిచిపోవడంలో ఉంది. పెట్రోలు రెండుసార్లు పోయించే లోపు ఒక్కసారైనా బోనెట్ ఎత్తి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూసే ఓపిక లేనివారికి ఈ కారు వద్దు. ఎంత బ్రతిమాలినా నా మాట ఇదే.

తర్వాత స్పార్క్ ప్లగ్గులకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిళ్లు. నాలుగు కాయిళ్లు, నాలుగు స్పార్క్ ప్లగ్గులు. కాయిళ్లు 30 వేల మైళ్ల ప్రాంతంలో బలహీనపడటం మామూలే. పాత కాయిల్‌తో నెట్టుకొస్తే కాలని పెట్రోలు నేరుగా పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. కన్వర్టర్ లోపలి భాగం కరిగి మూసుకుపోతుంది, పొగకు దారి లేక ఇంజిన్ వేడెక్కుతుంది, ఆ వేడి మళ్లీ సీళ్ల మీదే పడుతుంది. రెండు మూడు వందల పౌండ్లతో పోయే పని నాలుగు వేలకు తేలే దారి ఇదే. పాత యజమాని కాయిళ్లు ఎప్పుడు మార్చారో బిల్లు చూపించగలిగితే ఆ బిల్లుకు కారు మెరుపు కన్నా ఎక్కువ విలువ ఇవ్వండి.

మరో విచిత్రం. చల్లగా ఉన్న ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, కారును ఇంటి ముందు పది అడుగులు జరిపి వెంటనే ఆపేస్తే పెట్రోలు గదిలో నిలిచిపోతుంది. ప్లగ్గులు తడుస్తాయి, గోడ మీది ఆయిల్ పొర కొట్టుకుపోతుంది. మర్నాడు ఎంత తిప్పినా స్టార్ట్ కాదు. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కిపెట్టి స్టార్టర్ తిప్పితే పెట్రోలు సరఫరా ఆగి గది ఆరుతుంది, ఒక్కోసారి దానితో బయటపడవచ్చు. అదీ పని చేయకపోతే టో ట్రక్కును పిలవాలి. పిల్లలను అరమైలు దూరంలోని బడికి దించి రావడం, మూల మీది దుకాణానికి పాలకు వెళ్లడం మీ రోజువారీ వాడకమైతే ఈ కారు పేరును జాబితాలోంచి ఇక్కడే కొట్టేయండి. బాగా వేడెక్కాక అప్పుడప్పుడు ఎర్రగీత దాకా లాగితేనే ఈ ఇంజిన్ లోపలి మసి వదులుతుంది. మెల్లగా, జాగ్రత్తగా, కొద్ది దూరం నడిపే ముసలాయన కారు అనే మాట వేరే కార్లకు అర్హత, దీనికి అనర్హత.

ఏ ఆర్‌ఎక్స్-8?

బ్రిటన్‌లో రెండు రకాలు వచ్చాయి. ఐదు గేర్ల 192 పీఎస్, ఆరు గేర్ల 231 పీఎస్ (పీఎస్ అంటే హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత). పెట్రోలులో తేడా అంతంత మాత్రమే, రెండూ తాగేవే. 192 అంత పైదాకా తిరగదు. ఈ కారు కొనడానికి ఉన్న ఒకే ఒక్క మంచి కారణం ఆ పై సగం ఆర్‌పీఎంలో వచ్చే పరుగు కాబట్టి, నా ఓటు 231కే. 2008లో వచ్చిన మార్పులతో, ముఖ్యంగా ఆర్3 పేరుతో అమ్మిన బండ్లలో, ఆయిల్ చల్లే ఏర్పాటును మెరుగుపరిచారు. ఇంజిన్ పరంగా అవి మెరుగు, కొనే ధర మాత్రం ఎక్కువ.

అయితే మోడల్ కన్నా ముందు చూడాల్సింది ఒక తేదీ: 2006 మార్చి 23. ఆ రోజుకు ముందు రిజిస్టర్ అయిన కార్లకు, ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలినా, రోడ్డు పన్ను కె బ్యాండ్ అనే శ్రేణి దగ్గర ఆగిపోతుంది. ఆ రోజు గానీ తర్వాత గానీ రిజిస్టర్ అయి, కిలోమీటరుకు 255 గ్రాములు దాటితే ఎం బ్యాండ్. ఆర్‌ఎక్స్-8 రెండు రకాలూ ఆ గీత దాటినవే. 2025-26 లెక్కన కె బ్యాండ్ ఏడాదికి 430 పౌండ్లు, ఎం బ్యాండ్ 760. ఒకే కారు, ఒకే ఇంజిన్, వారం తేడాతో షోరూమ్ వదిలితే ఏటా 330 పౌండ్ల తేడా! నాలుగేళ్లు ఉంచుకుంటే 1,300 పైచిలుకు. అందుకే 2006 చివరి బండి కన్నా 2005 బండికి కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

ఇంజిన్ పరిమాణం 1.3 లీటర్లు అని ప్రకటనల్లో గొప్పగా రాస్తారు. బ్రిటన్‌లో ఈ కారుకు పన్ను పొగను బట్టి గానీ పరిమాణాన్ని బట్టి కాదు, కాబట్టి ఆ సంఖ్య వల్ల మీకు ఒరిగేదేమీ లేదు. దీని సొంతగడ్డ జపాన్‌లో కూడా రోటరీ పరిమాణాన్ని ఒకటిన్నర రెట్లు చేసి పన్ను వేస్తారు. అక్కడి అధికారులూ ఈ 1.3ను నమ్మలేదన్నమాట.

ఇక అసలు ఎంపిక: ఇంజిన్ ఏ స్థితిలో ఉన్నది కొనాలి? మార్కెట్‌లో మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది రెండు వేల ప్రాంతపు బండి. ‘బాగా నడుస్తోంది’ అన్న మాట తప్ప కాగితమేదీ ఉండదు. రెండోది మూడు వేల ప్రాంతంలో, ఈ మధ్యే చేయించిన కంప్రెషన్ టెస్ట్ అంకెలతో వచ్చే బండి. మూడోది ఐదు వేలకు అటూ ఇటూగా, రోటరీ పని తెలిసిన షెడ్డులో ఇంజిన్ విప్పి కట్టించి, ఎక్కడ, ఎప్పుడు, ఏ భాగాలు మార్చారో బిల్లుతో సహా వచ్చే బండి. ఇంజిన్ మళ్లీ కట్టడానికి సుమారు నాలుగు నుంచి ఆరు వేల పౌండ్లు పడుతుంది. అంటే మూడో రకం బండిని అమ్మేవారు ఇంజిన్ ఖర్చు తిరిగి రాబట్టుకుని కారును దాదాపు ఉచితంగా ఇస్తున్నట్టే. మొదటి రకంలో ఆ ఖర్చు మీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చవక బండి కొని ‘పోతే అప్పుడు చూద్దాం’ అనుకునేవారికి ముందుంది ముసళ్ల పండగ.

ఐదు వేల మైళ్ల లెక్క

ఏడాదికి ఐదు వేల మైళ్లు, లీటరు పెట్రోలు 1.40 పౌండ్లు అనుకుందాం. ఆర్‌ఎక్స్-8 నిజ జీవితంలో బ్రిటిష్ గ్యాలన్‌కు 20 మైళ్లు ఇస్తుంది. మన లెక్కలో లీటరుకు ఏడు కిలోమీటర్లు. పెట్రోలుకు దాదాపు 1,590 పౌండ్లు. పైన పోసే ఆయిల్ 45, ఆయిల్ మార్పు, ఫిల్టర్లతో సర్వీసు 200, కాయిళ్లు, ప్లగ్గులు ఏడాది సగటున 150, 2006 మార్చి 23కు ముందటి బండికి పన్ను 430.

ఇక్కడిదాకా అందరూ వేస్తారు, తర్వాతి వరుస వేయరు. కొత్తగా కట్టిన ఇంజిన్ 50 వేల మైళ్లు వస్తుందనీ, కట్టడానికి 5,000 పౌండ్లనీ పెట్టుకుంటే మైలుకు పది పెన్నీలు పక్కన పెట్టాలి. ఏడాదికి 500. ఈ డబ్బు ఏ నెలా బిల్లు రూపంలో రాదు గనుక ఖర్చే కాదనిపిస్తుంది, వచ్చిన నెల మాత్రం మొత్తం ఒకేసారి వస్తుంది. అన్నీ కూడితే 2,900 పౌండ్లు దాటుతుంది, ఇన్సూరెన్సు కాకుండా. 2006 మార్చి తర్వాతి బండి అయితే 3,250కి దగ్గర.

అదే దూరం అదే కంపెనీ ఎంఎక్స్-5 మూడో తరం రెండు లీటర్ల బండిలో వెళ్తే గ్యాలన్‌కు 32 మైళ్ల లెక్కన పెట్రోలు వెయ్యి లోపే. పన్ను దాదాపు 400, సర్వీసు 200, తుప్పుకూ చిల్లర మరమ్మతులకూ 250 వేసుకున్నా మొత్తం 1,850 చుట్టూ ఆగుతుంది. ఏటా వెయ్యికి పైగా తేడా. అందులో పెట్రోలు వాటా ఆరు వందలు, మిగతా సగం ఇంజిన్ నిధిదీ కాయిళ్లదీ. ఎంఎక్స్-5 కొనేటప్పుడు పదిహేను వందలు ఎక్కువ పెట్టినా ఏడాదిన్నర లోపే ఆ డబ్బు తిరిగి వచ్చేస్తుంది.

నడపకుండా నిలిపి ఉంచితే ఖర్చు తగ్గుతుందనుకోవద్దు. పన్ను, ఇన్సూరెన్సు, బండి రోడ్డుకు పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎంఓటీ పరీక్ష మైళ్లతో సంబంధం లేకుండా పడతాయి. సొంత గ్యారేజీ గానీ వాకిలి గానీ ఉన్నవారు చలికాలం నాలుగు నెలలు రోడ్డు మీదికి తీయడం లేదని వాహనాల రిజిస్ట్రేషన్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏకు తెలియజేస్తే ఆ పూర్తి నెలల పన్ను వెనక్కి వస్తుంది. ఎం బ్యాండ్ బండికి అది 250 పౌండ్లకు పైనే. ఉప్పు చల్లిన రోడ్ల నుంచి కారు తప్పించుకోవడం అదనపు లాభం.

దీనికి బదులు ఏవి?

ఎంఎక్స్-5 సంగతి చెప్పాను. తేలిక, నమ్మకం, ఏ షెడ్డులోనైనా పని అవుతుంది. వెనక చక్రాల పైభాగం, తలుపుల కింది సిల్లులు తుప్పు పట్టాయేమో చూసుకోవాలి. కష్టమల్లా రెండే సీట్లు. పిల్లలున్న ఇంట్లో అది రెండో కారు మాత్రమే కాగలదు. ఆర్‌ఎక్స్-8 వెనక తలుపులు ఎదురు దిశలో తెరుచుకుంటాయి, బేబీ సీటు బిగించడానికి నడుము విరగదు. చాలామంది కుటుంబీకులు దీని వైపు మొగ్గేది అందుకే. ఆ ఆకర్షణ న్యాయమైనదే.

టొయోటా జీటీ86 (2012 నుంచి 2021) నా ఉద్దేశంలో దీనికి అసలైన ప్రత్యామ్నాయం. 200 పీఎస్, వెనక చక్రాల నడక, పేరుకైనా వెనక సీట్లు. తొలి రెండేళ్ల బండ్లలో వాల్వ్ స్ప్రింగుల కోసం కంపెనీ వెనక్కి పిలిచి మరమ్మతు చేసింది, ఆ పని జరిగిందో లేదో అడగాలి. పన్ను ఎం బ్యాండ్‌లో సగం కూడా ఉండదు. ఇబ్బంది కొనే ధరే, ఆర్‌ఎక్స్-8కు రెండు మూడు రెట్లు. కానీ అమ్మేటప్పుడు ఆ డబ్బులో పెద్ద భాగం తిరిగి వస్తుంది.

నిస్సాన్ 350జడ్ తాగుడులో ఆర్‌ఎక్స్-8కు తమ్ముడు, పన్నులోనూ అదే 2006 మార్చి గీత. మూడున్నర లీటర్ల వి6 మాత్రం మొండిది, చిన్న ప్రయాణాలకు అలగదు. వెనక సీట్లు లేవు. 9,000 ఆర్‌పీఎం మోజు తీరాలంటే హోండా ఎస్2000 ఉంది, కాకపోతే దాని ధర ఇప్పుడు పోగుచేసుకునేవారి చేతుల్లోకి వెళ్లిపోయింది. మాజ్దా పాత రోటరీ కారు ఆర్‌ఎక్స్-7 చివరి తరం గురించి అడగనే వద్దు. రెండు టర్బోలు, వాటిని నడిపే వాక్యూమ్ గొట్టాల చిక్కుముడి. నడిపే ఖర్చు లెక్కేసేవారి బండి కాదది.

ఇన్సూరెన్సు, అమెరికా, ఇండియా

భారతీయ లైసెన్సు మీద బ్రిటన్‌లో పన్నెండు నెలలే నడపవచ్చు. తర్వాత ఇక్కడి పరీక్ష పాస్ కావాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పదేళ్లు నడిపిన అనుభవాన్ని ఇక్కడి కంపెనీలు చాలావరకు లెక్కలోకి తీసుకోవు. కొత్తగా పాస్ అయిన ముప్పై ఏళ్ల ఉద్యోగికి 231 పీఎస్ కారు మీద వచ్చే కొటేషన్ కారు ధరను మించినా ఆశ్చర్యం లేదు. కాబట్టి కారు చూడటానికి వెళ్లే ముందే రిజిస్ట్రేషన్ నంబరు పెట్టి కొటేషన్ తీసుకోండి. మైళ్ల పరిమితి ఉన్న పాలసీలు కొంత చవక.

అమెరికాలో ఉన్నవారికి ఈ పొగ పన్ను బాధ లేదు. అధికారిక మైలేజీ మాత్రం అమెరికన్ గ్యాలన్‌కు 18 మైళ్లే. కంపెనీ ఇంజిన్ వారంటీని ఎనిమిదేళ్లకు, లక్ష మైళ్లకు పొడిగించిన మాట నిజమే గానీ ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. దాన్ని చూపించి అమ్మజూపేవారికి నమస్కారం పెట్టి రండి. అక్కడ దొరికే ఆటోమేటిక్ బండ్లలో శక్తి తక్కువ, ఆ గేరుబాక్సుతో ఈ ఇంజిన్ అసలు రుచే తెలియదు. కాలిఫోర్నియాలో క్యాటలిటిక్ కన్వర్టర్ పోతే ఆ రాష్ట్రం ఆమోదించినదే వేయాలి, ఖరీదు ఎక్కువ. తకాటా కంపెనీ తయారుచేసిన లోపభూయిష్ట ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో ఆర్‌ఎక్స్-8 ఉంది. కారు గుర్తింపు నంబరు (వీఐఎన్)తో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో ఉచితంగా చూసుకోవచ్చు, ఆ మరమ్మతుకు డబ్బు కట్టక్కర్లేదు.

ఇండియాలో ఈ కారును కంపెనీ ఎన్నడూ అమ్మలేదు. మూడేళ్లు దాటిన పాత కారును దిగుమతి చేసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి తిరిగి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్దామనే ఆలోచన పెట్టుకోవద్దు.

చూడటానికి వెళ్లినప్పుడు

ముందుగా ప్రభుత్వ సైటులో నంబరు కొట్టి ఎంఓటీ చరిత్ర చదవండి. మైళ్లు ఏటా ఎంత పెరిగాయి, తుప్పు గురించి ఏ ఏడాది హెచ్చరించారు, పొగ పరీక్షలో ఎప్పుడైనా తప్పిందా అన్నీ అక్కడే ఉంటాయి. రెండేళ్లపాటు మైళ్లు కదలని బండి మీద అనుమానం పెంచుకోండి.

మీరు వెళ్లేసరికి ఇంజిన్ చల్లగా ఉండాలని అమ్మేవారికి ముందే చెప్పండి. చల్లటి స్టార్ట్ చూశాక అరగంట నడపండి. తర్వాత ఆపి, పది నిమిషాలు కబుర్లు చెప్పి, మళ్లీ తాళం తిప్పండి. కంప్రెషన్ పడిపోయిన రోటరీ చల్లగా ఉన్నప్పుడు ఎలాగో లేస్తుంది, వేడి మీద మొరాయిస్తుంది. కొత్త బ్యాటరీ, బలమైన కొత్త స్టార్టర్ మోటారు వేసి ఈ లక్షణాన్ని కొంతకాలం దాచవచ్చు కాబట్టి వేడి స్టార్ట్ ఒక్కటే చాలదు.

నూరు పౌండ్ల ప్రాంతంలో అయ్యే కంప్రెషన్ టెస్ట్ తప్పనిసరి. మామూలు గేజి పనికిరాదు, ఒక్కో రోటర్ మూడు ముఖాలనూ విడివిడిగా చూపించే రోటరీ టెస్టర్ కావాలి. ఆరు అంకెలు రావాలి. 250 ఆర్‌పీఎం దగ్గర కొత్త ఇంజిన్ ప్రమాణం 8.3 బార్ (ఒత్తిడి కొలత), కనీసం 6.8. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 1.5 బార్ మించకూడదు, రెండు రోటర్ల మధ్య 1 బార్. ఆరూ ఏడున్నర పైన ఉంటే ధైర్యంగా బేరమాడవచ్చు. ఏడుకు అటూ ఇటూ ఊగుతుంటే ఆ ఇంజిన్‌కు ఇక మిగిలిన కాలాన్ని ధరలో తగ్గించుకోవాలి.

టెస్ట్‌కు అమ్మేవారు ఒప్పుకోకపోతే వాదించవద్దు. ఆ బండిని ఇంజిన్ పోయిన బండిగానే లెక్కగట్టండి. అలాంటిదే ఇంజిన్ కట్టించినది మీ ఊళ్లో ఎంతకు అమ్ముడుపోతోందో చూసి, అందులోంచి మీ దగ్గరి షెడ్డు చెప్పిన ఇంజిన్ కట్టే ఖర్చు తీసేయండి. ఐదు వేలలోంచి నాలుగున్నర వేలు పోతే ఐదు వందలు. అంతకు ఇస్తే తీసుకోండి, లేదంటే ప్రకటనల్లో తర్వాతి బండికి వెళ్లండి.